మామకు ఇచ్చిన రెండు సీసాలు

అమీర్‌పేటలోని కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పదకొండేళ్లు పాఠాలు చెప్పి, ఆ ఉద్యోగం మానేశాక ఒక స్నేహితురాలితో కలిసి ఊరి బయట చిన్న వైనరీ పెట్టాను. లైసెన్సు ఆమె చూసుకుంది, వైన్ పని నేను తీసుకున్నాను. రైతుల దగ్గర నల్లద్రాక్ష కొని, బయటి ఈస్ట్ ఏదీ కలపకుండా, పండు తొక్క మీద సహజంగా ఉండేదానితోనే పులియబెట్టేవాళ్లం. పెద్ద హోటళ్ల కోసం కాదు. చిన్న జీతగాళ్లు కూడా కొనుక్కోగలగాలి, మొదటిసారి తాగేవాళ్లకు కూడా గొంతులో సులువుగా దిగాలి. అంతే మేము కోరుకున్నది.

అమ్మకు ఇది నచ్చలేదు. మా నాన్న తాగుడుతోనే పోయాడు. చర్చిలో ప్రభు బల్లకు ఇచ్చే ద్రాక్షరసం ఏళ్లుగా అమ్మే చేసేది, పులవకముందే పొయ్యి మీద కాచి.

"నేను ఆపే కాడ నువ్వు ఆపుతలేవు," అంది ఒకసారి.

"మాది సారా కాదమ్మా. తేలికైన వైన్."

"అగ్గువకు దొరికి, అల్కగ దిగితే ఇంకింత తాగుతరు గద."

నేను మాట మార్చాను.

అమ్మ తమ్ముడు, మా మామ, బల్కంపేటలో ఉంటాడు. ఖైరతాబాద్‌లో చిన్న ప్రింటింగ్ షాపు. నాన్న పోయాక నన్ను స్కూటర్ మీద బడికి దింపింది ఆయనే. ఆయనా ఒకప్పుడు బాగా తాగేవాడు. మానేసి తొమ్మిదేళ్లయింది. మా సీసాల లేబుళ్లు ఆయనే అచ్చు వేశాడు.

క్రిస్మస్‌కు వారం ముందు, ఒక మధ్యాహ్నం ఆ లేబుళ్లు తీసుకుని పంజాగుట్టలో నా ఫ్లాట్‌కు వచ్చాడు. రుచి ఎలా ఉందో చూద్దామని నేను అప్పుడే ఒక సీసా తెరిచాను.

"జర నన్ను సుత చూడనియ్యి బిడ్డా. పైన కాగితం నాది, లోపల ఏమున్నదో నాకే తెల్వదు."

ఇవ్వకూడదని నాకు తెలుసు. అయినా కొంచెం పోశాను. ఆయన మెల్లగా తాగి గ్లాసు కింద పెట్టాడు.

"గిది మందు లెక్కనే లేదు. పండ్ల రసం లెక్కున్నది."

రెండేళ్లుగా ఎవరో ఒకరు ఆ మాట అంటారనే ఎదురుచూస్తున్నాను. ఆ సంతోషంలో, పండక్కి ఇంటికి ఎవరైనా వస్తే ఇవ్వమని రెండు సీసాలు ఆయన సంచిలో పెట్టాను.

ఫిబ్రవరిలో అత్త ఫోన్ చేసింది. "మీ మామ షాపుకు పోతలేడు. పొద్దుగాల్నే మొదలువెడుతుండు. నువ్విచ్చినవి అయిపోయినంక వేరేవి తెచ్చుకుంటుండు," అంది. గొంతులో కోపం లేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

నేను వెళ్లేసరికి మామ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. నా వైపు చూడలేదు.

"నీ తప్పేం లేదు," అన్నాడు. "అది తాగినంక నాకు ఏం గాలే. ఏం గాదులే అనుకున్న."

ఆ రోజే అమ్మా నేనూ ఆయన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. లోపల ఆయన్ని చేర్చుకుంటుంటే, వరండా బెంచీ మీద చెప్పేశాను.

"నేనే ఇచ్చిన అమ్మా."

"తెలుసు," అంది అమ్మ. "నీ ఇంటికి పోకని నేనే వానికి చెప్పాల్సింది. నువ్వు ఇయ్యవనుకున్న."

ఆమె తిట్టి ఉంటే నేను ఏదో ఒకటి ఎదురు చెప్పేదాన్ని.

మామ మూడు వారాలు అక్కడే ఉన్నాడు. ఇప్పుడు షాపుకు వెళ్తున్నాడు, తాగడం లేదు. నేను పని వదిలేద్దామనుకున్నాను. అప్పటికే రైతులు మా కోసం పండు కోస్తున్నారు. మా మాట నమ్ముకుని వేరే బేరాలు కాదనుకున్నవాళ్లు. పండు తెచ్చుకోవడానికి వెళ్లాను. ఈసారి వైన్ ఇంకా బాగా వచ్చింది. కొన్నవాళ్లు మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పు వింటుంటే ఆ రోజు మామ అన్న మాటే గుర్తొస్తుంది. ఆపేయాలో వద్దో ఈ రోజుకీ తేల్చుకోలేదు.

ఆదివారం చర్చి నుంచి నేరుగా బల్కంపేట వెళ్తాను. అత్త తలుపు తీస్తుంది, ముందు నా చేతి సంచి చూస్తుంది. నేను సంచిలోని పండ్లన్నీ తీసి బల్ల మీద పెట్టేదాకా పక్కనే నిలబడుతుంది.