డిజైను మేసిన మేక

చిలుకమ్మకు కళ్ళు కనిపించడం లేదన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎదుట మనిషి ఉన్నాడో లేడో మసకమసకగా తెలుస్తుంది, వాకిట్లో ఎండ పడిందో లేదో తెలుస్తుంది, అంతే. షుగరు కళ్ళకు కొట్టిందని, పోయిన చూపు ఇక తిరిగి రాదని దసరా తర్వాత దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. చిలుకమ్మ ఆ చీటీని అక్కడే చెత్తడబ్బాలో పడేసి, దారిలో అరడజను అరటిపండ్లు కొనుక్కుని ఇంటికొచ్చింది. ఏమన్నారని కోడలు సావిత్రి అడిగితే "అద్దాలు మార్చుకోమన్నరు" అని పండు వలుచుకుని తిన్నది. గుండె ధైర్యమంటే అదీ! మొండితనమన్నా తప్పులేదు.

ఎందుకు దాచిందంటారా? మగ్గం కోసం. వరంగల్ కొత్తవాడలో జంపఖానాల మగ్గం మీద పదకొండో ఏట కూర్చున్న మనిషి, యాభై ఏళ్ళుగా దిగలేదు. చేనేత సంఘం వాళ్ళు నూలు ఇస్తారు, గళ్ళ కాగితం మీద డిజైను గీసి ఇస్తారు, నేసింది తీసుకుపోతారు. చూపు పోయిందని తెలిస్తే ఆ కాగితం మర్నాడే ఇంకో ఇంటికి పోతుంది. ఆ తర్వాత ఏం చేయాలి? గోడకు ఆనుకుని టీవీ వింటూ కూర్చోవాలా? ఆ మాట తలుచుకుంటేనే ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

పని మాత్రం చేతులకు వచ్చు. పక్కనే నాలుగు డబ్బాలు, ఎడమ నుంచి తెలుపు, ఎరుపు, నలుపు, నీలం నూలు కండెలు. పడుగు పోగులు వేళ్ళతో లెక్కబెట్టడం, రంగు నూలు దూర్చడం, దువ్వెనలాంటి ఇనుప పంజాతో దిగ్గొట్టడం, ఇవన్నీ కళ్ళు మూసుకుని చేయగలదు. ఇప్పుడు చేస్తున్నదీ అదే కదా! చిక్కల్లా కాగితంతోనే. ఏ గడిలో ఏ రంగు, ఎన్ని గళ్ళు, అది చూసే తీరాలి. అందుకని మనవరాలు యమునను పట్టుకుంది. యమునకు ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. బడి వదలగానే ఇంటికొస్తుంది, ఇప్పుడు ఒంటిపూట బడులు కావడంతో మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటుంది.

"మీ డాడీ నీకు లెక్కలు వస్తలేవని లొల్లి పెడ్తాండు గదా! రోజూ ఈ కాగితం నాకు సదివి చెప్పు. లెక్కలు వాటంతట అవే వస్తయి" అంది.

పిల్ల నమ్మింది. మగ్గం పక్కన పీట వేసుకుని, "తెలుపు ఆరు, ఎరుపు నాలుగు, తెలుపు ఆరు" అని గొంతెత్తి చదివేది. చిలుకమ్మ వేళ్ళు ఆ మాట వెంట పరిగెత్తేవి. హైదరాబాదులో ఏదో హోటలు వాళ్ళు ఎనిమిది జంపఖానాలు అడిగారు. ఎనిమిదీ అచ్చు ఒకటే ఉండాలి, మధ్యలో ఎర్ర డైమండు, చుట్టూ నీలం అంచు. నాలుగు అలాగే పూర్తయ్యాయి. సంఘం తరఫున ప్రతి శనివారం వచ్చి కొలతలు చూసుకునే మహిపాల్ ఒక్క వంక పెట్టలేదు.

ఈలోగా బడిలో తల్లిదండ్రుల మీటింగ్ జరిగింది. లెక్కల నోటుబుక్కు నిండా కుక్కలు, ఆటోలు, గొడుగులు ఉన్నాయని, లెక్కలు మాత్రం లేవని టీచరు శేఖర్ ముందు పెట్టింది. శేఖర్ చిలుకమ్మ ఒక్కగానొక్క కొడుకు. ఇంటర్లో లెక్కలు తప్పి, కాజీపేటలో కాంట్రాక్టు పనికి పోతూ, ఆ తప్పినదాన్ని పదిహేనేళ్ళుగా మోస్తున్న మనిషి. ఇంటికొచ్చి బిడ్డ స్కెచ్ పెన్నులు, రంగు పెన్సిళ్ళు అన్నీ ఒక సంచిలో కట్టి అల్మారా పైన పెట్టేశాడు.

"పదో తరగతి అయినంక ఇస్త. అప్పటిదాంక బొమ్మ గీసినవనుకో, మంచిగుండదు" అన్నాడు.

యమున ఏడవలేదు. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో నాడు మామూలుగా వచ్చి మగ్గం పక్కన పీట వేసుకుంది. ఐదో జంపఖానా మొదలైంది.

ఒక జానెడు నేశాక చిలుకమ్మ వేళ్ళు ఆగాయి. ఈ వరుసలో ఎడమవైపు తెలుపు పద్దెనిమిది రావాలి. పిల్లేమో "తెలుపు ఐదు, నీలం రెండు, తెలుపు మూడు, నీలం రెండు" అంటోంది. నీలం అంచుకు కదా, మధ్యలోకి ఎందుకొచ్చింది?

"సరిగ్గ చూసి చెప్తానవా?"

"ఆఁ బాపమ్మా. కాగితంల గట్లనే ఉంది."

ఆ గొంతు అబద్ధం చెబుతోందని ముసలమ్మకు వెంటనే తెలిసింది. కళ్ళు పోయినవాళ్ళకు గొంతులు బాగా తెలుస్తాయి. అక్కడే ఆపి చెవి మెలిపెట్టాల్సింది. కానీ ఆ అంకెల్లో ఏదో తీరు ఉంది, తప్పు చదివితే అలా రాదు. ఎనిమిది వరుసల పాటు నీలం నాలుగు చోట్ల నిలువుగా పైకి లేచింది. నాలుగు కాళ్ళు! మంచమా? కుర్చీయా? చిలుకమ్మ నవ్వు ఆపుకుని నేసింది. మర్నాడు నాలుగు కాళ్ళూ కలిసిపోయి పొట్ట అయింది. అయితే మంచం కాదు, ఎద్దో బర్రెనో అయ్యుండాలి.

అప్పుడు భయం పట్టుకుంది. శనివారం మహిపాల్ వస్తాడు. చూశాడంటే మగ్గం పోతుంది. విప్పేద్దామని కత్తెర పట్టుకుంది కూడా. విప్పాలన్నా కళ్ళు కావాలి కదా! ఏ పోగు తెంపుతుందో ఏ పోగు ఉంచుతుందో తెలియదు. పిల్లనే కూర్చోబెట్టి "నువ్వు చెప్పింది నువ్వే ఇప్పు" అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. యాభై ఏళ్ళలో వందల జంపఖానాలు నేసింది, ప్రతి ఒక్కటీ ఎవరో గీసిచ్చిన కాగితమే. కాగితంలో లేనిది ఒక్క గడి కూడా ఆమె చేతి మీద ఎప్పుడూ పుట్టలేదు. ఇంకొక్క రోజు చూద్దాం, ఇది ఏ జంతువో తెలుసుకుని విప్పేద్దాం అనుకుంది. అలా అనుకుంటూనే మూడు రోజులు నేసింది. ఇంత వయసొచ్చి బుద్ధి ఉండక్కర్లేదా అని తనను తనే తిట్టుకుంది కూడా.

మహిపాల్ శనివారం దాకా ఆగలేదు. హోటలు వాళ్ళు తొందర పెడుతున్నారని గురువారం మధ్యాహ్నమే వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచాడు. ఆ రోజు శేఖర్‌కు వారపు సెలవు, లోపల అన్నం తింటున్నాడు.

"ఎండలు మస్తు కొడ్తానయి పెద్దమ్మా" అంటూ మహిపాల్ టేపు తీశాడు. టేపు బర్రుమని సాగిన చప్పుడు వినిపించింది. సగంలో ఆగింది.

"ఇదేంది పెద్దమ్మా?"

"ఏమైంది కొడుకా?"

"ఏమైందా? మేక! నీలం మేక! మన డైమండు మూలను కొరుకుతాంది. సగం డిజైను మేసింది!"

మేకా! మంచం కాదు, ఎద్దు కాదు, మేక! భయపడాల్సిన చోట చిలుకమ్మకు ముందు నవ్వు తన్నుకొచ్చింది. పైగా ఊరికే నిలబడ్డ మేక కాదు, సంఘం వాళ్ళ డైమండునే నమిలేస్తున్న మేక. ఎంత గడుసుదే ఈ పిల్ల!

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. శేఖర్ ఎంగిలి చేత్తోనే వచ్చి నిలబడ్డాడు. మగ్గం వైపు ఒక్కసారి చూస్తే చాలు, అది ఎవరి చేతి బొమ్మో తండ్రికి తెలియదా? యమున ఒళ్ళోని కాగితం లాగాడు. దాని కింది నుంచి లెక్కల నోటుబుక్కు జారి కింద పడింది. గళ్ళ పేజీల మీద పెన్సిలుతో గీసిన మేక. ఒక్కో గడి పక్కన అంకె వేసుకుని, వరుస వరుస చదివిందన్నమాట.

"గిదా నీ సదువు! లెక్కలకని బుక్కు కొనిస్తే మేకను గీసి, బాపమ్మను మోసం జేస్తానవా?"

పేజీలు చిరిగిన చప్పుడు చిలుకమ్మకు చూడకుండానే తెలిసింది. ఒకటి, రెండు, తర్వాత బుక్కు మొత్తం. పిల్ల ఏడుస్తుందేమోనని చెవి పెట్టి విన్నది. ఏడుపు లేదు. పెన్నులు పైన పెట్టిన రోజున కూడా ఇలాగే చప్పుడు లేకుండా కూర్చుంది.

మహిపాల్ చెడ్డవాడు కాదు. గొంతు తగ్గించి, "ఆగు శేఖరన్నా. పెద్దమ్మా, ఇగ విను. పిల్ల తప్పు సదివిందని సంఘంల చెప్త. చిన్నపిల్ల, ఎవరేమంటరు? వారంల ఇప్పి మల్ల నెయ్యి. నీ మగ్గం నీకుంటది. ఒక్కటే, ఇంకోసారి ఆ పిల్లను మగ్గం కాడికి రానియ్యకు" అన్నాడు.

"రాదన్నా. బొమ్మ పేరెత్తితే చేతులిరగ్గొడ్త" అన్నాడు శేఖర్.

"ఏమంటవ్ పెద్దమ్మా? పిల్ల తప్పే గదా?"

ఒక్క 'అవును' చాలు. మగ్గం దక్కుతుంది. కళ్ళ సంగతి దాగుతుంది. వారంలో ఎలా విప్పుతుంది, ఎలా నేస్తుంది అన్నది తర్వాతి మాట, కోడలినో పొరుగావిడనో బతిమాలుకోవచ్చు. చిలుకమ్మకు ఆ 'అవును' అనాలనే ఉంది. నిజం చెప్పాలంటే నోరు తెరిచింది కూడా. అప్పుడు తన మోకాలికి ఏదో తగిలింది. యమున ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

"పిల్ల తప్పేం లేదు. కాగితంల లేదని నాకు తెల్సు. తెల్సే నేసిన."

"తెల్సి మేకను నేసినవా?"

"మేకని తెల్వది కొడుకా. నాకు కండ్లు కనబడవు."

మహిపాల్ నమ్మలేక డబ్బాలోంచి ఒక కండె తీసి ఆమె ముఖం ముందు పెట్టాడు.

"ఇదేం రంగు?"

"తెల్వది."

"పెద్దమ్మా, గిన్ని నెలల నుంచి..."

"నేను నేసిన. పిల్ల చూసింది. మీరు మంచిగున్నదని పట్టుకపోయిన నాలుగూ అది సదివినయే. ఇగ ఇప్పుడు చెప్పు, దానికి లెక్కలు రావంటావా?"

మహిపాల్ టేపు చుట్టుకున్నాడు. తర్వాత శేఖర్ కింద పడేసిన డిజైను కాగితం తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. కొత్త పని ఇక వేరేవాళ్ళకు ఇస్తారని, తన చేతిలో ఏమీ లేదని చెప్పాడు. "ఈ పడుగు మాకు పనికిరాదు. ఏం జేస్కుంటవో చేస్కో పెద్దమ్మా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. యాభై ఏళ్ళ పని అంత తొందరగా అయిపోయింది.

"ఎప్పటిసంది అమ్మా?" అన్నాడు శేఖర్.

"దసరా సంది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నన్ను కూడ అల్మారా మీద పెడుదువు."

శేఖర్ వంగి చిరిగిన పేజీలు ఏరబోయాడు, ఎంగిలి చేతికి అవి అంటుకున్నాయి. పెరట్లోకి పోయి చేయి కడుక్కుంటూ అక్కడే నిలబడిపోయాడు. నీళ్ళ చప్పుడు ఆగినా లోపలికి రాలేదు.

చిలుకమ్మ పంజా చేతిలోకి తీసుకుంది. నేసినదాని అంచు మీద వేళ్ళు పెట్టి తడిమింది. మూతి అయింది, చెవుల దగ్గర ఆగింది.

"కొమ్ములున్నయానే దీనికి?"

"ఉన్నయి" అంది యమున.

"మరి సదువు."

"ఏం సదవాలె బాపమ్మా? కాగితం సారు పట్టుకపోయిండు. నా బుక్కు డాడీ చింపిండు. ఏం జూసి చెప్పాలె?" ఇప్పుడు ఏడుపొచ్చింది పిల్లకు, వెక్కివెక్కి వచ్చింది.

చిలుకమ్మ దాన్ని ఏడవనిచ్చింది. వెక్కిళ్ళు తగ్గాక కొంగుతో ముఖం తుడిచి అంది.

"నేనేం జూసి నేస్తాననే? నువ్వు సుత గట్లనే చెప్పు."

పిల్ల ముక్కు ఎగబీల్చింది. పీట మగ్గానికి దగ్గరగా జరుపుకుంది.

"తెలుపు తొమ్మిది" అంది. ఆగింది. "ఎరుపు ఒకటి."

కొమ్ములు ఎర్రవన్నమాట. చిలుకమ్మ ఎడమ నుంచి రెండో డబ్బాలో చెయ్యి పెట్టింది.