పదకొండు ఇళ్ల కాయలు

కొత్తపేటకు మూడు మైళ్ల దూరంలో, కాలవగట్టు మీదున్న ఆ ఊళ్లో ధర్మరాజుగారి పేరు చెప్పకుండా కురిడీ మాట ఎత్తరు. ముదురు కొబ్బరికాయను పీచుతోనే అటక మీద పది నెలలు ఉంచితే లోపలి నీళ్లు ఇంకిపోయి, కొబ్బరి చిప్పను వదిలి గుండులా గలగలలాడుతుంది. అదే కురిడీ. ఉత్తరాదిలో పెళ్లికీ పూజకీ అది ఉండి తీరాలి. కాయను అటక ఎక్కించడం ఎవరైనా చేస్తారు, ఎప్పుడు దించాలో తెలియడమే విద్య. ధర్మరాజుగారు కాయను చెవి దగ్గర పెట్టుకుని ఒక్క ఊపు ఊపి, ఇంకెన్నాళ్లు ఉంచాలో చెప్పేవారు. ముప్పై నాలుగేళ్లలో ఆయన అటక దిగిన కాయలో పురుగుందని వర్తకుడు వెనక్కి పంపింది లేదు.

చదివింది ఊరి బళ్లో ఎనిమిదో తరగతి. అయితేనేం? తొంభై ఆరు తుపానుకు తోటలన్నీ నేలకు ఒరిగితే, నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చోకుండా ఆ ఏడాదే మూడు వందల మొక్క నాటిన మనిషి. సొసైటీకి రెండుసార్లు డైరెక్టరు. పూడిపోయిన పంటబోదె తవ్వించి చివరి చేలకు నీళ్లు పారించినవారు. ఉద్యానశాఖవారిచ్చిన ప్రశంసాపత్రం వీధిగదిలో అద్దం కట్టించి ఉంది. ఇన్ని చేసిన మనిషికి ఒక్క పని మాత్రం చేతకాలేదు. గుమ్మంలోకి వచ్చినవాళ్లకు కాదని చెప్పడం. ఎవరేమడిగినా "ఆయ్, అలాగేనండి" అనేవారు. గోదావరి నీళ్లు తాగినవాళ్లందరికీ ఉన్న అలవాటే గానీ, ఆయనకు కాస్త ముదిరింది.

మొన్న మాఘమాసంలో అమలాపురంలో ఒక కల్యాణమండపం మేడ మీద రైతులకు మూడు రోజుల శిక్షణ పెట్టారు. ఫోనులో, ఇంటర్నెట్టులో ఎవరి సరుకు వాళ్లు అమ్ముకోవడం ఎలాగన్నది విషయం. అరవై ఒకటో ఏట ధర్మరాజుగారు బస్సెక్కి వెళ్లి, మూడు రోజులూ ముందు వరసలో కూర్చుని, నోటు పుస్తకం నిండా రాసుకుని వచ్చారు. "జనం సరుకును కాదు, మనిషిని చూసి కొంటారు. మిమ్మల్ని మీరు చూపించుకోండి" అన్నాడట చెప్పేవాడు. ఆ మాట ఆయనకు బాగా పట్టింది. "ఆర్డరు వచ్చిన రోజే సరుకు పంపాలి" అన్న మాటా పట్టింది. ఆ రెంటి మధ్యా చెప్పినవన్నీ నోటు పుస్తకంలోనే ఉండిపోయాయి.

ప్రకటన బొమ్మ చేయించడానికి తిన్నగా రావులపాలెంలో ఫ్లెక్సీలు కొట్టే షాపుకు వెళ్లారు. మనకు తెలిసిన ప్రకటనంటే అదే కదా. షాపతను అలవాటు కొద్దీ పైన గుండ్రటి చట్రాల్లో ఊరి పెద్దలు పదిమందిని పెట్టాడు. మధ్యలో పట్టు కండువాతో, దండం పెడుతూ ధర్మరాజుగారు. ఆయన పక్కన సొసైటీ పదవులు, తుపాను నాటి మొక్కలు, ప్రశంసాపత్రం, అన్నీ వరసగా. అడుగున పెద్ద అక్షరాల్లో "దళారుల దోపిడీకి ఇక సెలవు". చోటు మిగిలిన మూల నాలుగు కురిడీ గుండ్లు.

తిరిగి వస్తుంటే కాలవ వంతెన మీద జాస్మిన్ ఎదురైంది. అవతలి గట్టున ఉండే అబ్రహాము మాస్టారి అమ్మాయి. హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే ఇలాంటి ప్రకటనల పని చేస్తుంది. ఆయన ఫోను తీసి చూపించారు. తెర మీద పెద్దల మొహాలు ఆవగింజల్లా ఉన్నాయి.

"బాబాయిగారండీ, ఇందులో కాయలెక్కడున్నాయండి?" అంది ఆ పిల్ల.

"అదుగో, కింద మూల."

"మరి ధర వెయ్యలేదేంటండి?"

"ధరేంటమ్మా. ఇంటికొచ్చినాయన్ని కూచోబెట్టి, కడుపునిండా భోజనం పెట్టి మాట్లాడుకునేది గానీ, గోడలకి రాసుకునేదా?"

"సరేనండి. దీన్ని ఏ ఊళ్లవాళ్లకి చూపించమని పెడతారండి?"

"అమలాపురం, రాజోలు, కొత్తపేట, ముమ్మిడివరం."

జాస్మిన్ నవ్వు ఆపుకుంది. "అక్కడ ఎవరి పెరట్లో చూసినా కొబ్బరిచెట్టే కదండి. మన కాయ ఎవరు కొంటారండి?"

"మనవాళ్లు చూడనిదానికి ఇంకెందుకమ్మా ఇదంతా?" అన్నారాయన.

ఆ పిల్ల ఆయన నంబరు తన ఫోనులో రాసుకుంది. "ఎప్పుడన్నా అవసరమైతే మా ఇంటికి రండి బాబాయిగారండీ" అంది. నలభై ఏళ్లుగా ఎదురెదురు గట్ల మీద ఉంటున్నా ఆయన ఆ ఇంటి గడప తొక్కింది లేదు.

ప్రకటన ఎక్కింది. మొదటి వారంలోనే ఆరు వందల మంది బాగుందని బొటనవేలు చూపించారు. సగం మంది పుట్టినరోజనుకుని శుభాకాంక్షలు రాశారు. రాజోలులో ఉండే మేనత్త కొడుకు గుండ్రటి చట్రం, దండం చూసి ఇంకోలా అర్థం చేసుకుని, ధర్మరాజుగారి భార్య రాజ్యంగారికి ఫోను చేసి ఏడుపు గొంతుతో పలకరించాడు. "ఇదుగో, ఆయనే పక్కన పకోడీలు తింటున్నారు, మాట్లాడతావా?" అంది రాజ్యంగారు.

కొనేవాళ్లూ కొందరు అడగకపోలేదు. సూరత్‌లో స్థిరపడ్డ తెలుగాయన ఎవరో, చుట్టాలెవరో పంపిన బొమ్మ చూసి "వెయ్యి కాయ రేటు ఎంత?" అని రాశాడు. ధర్మరాజుగారు కళ్లద్దాలు పెట్టుకుని, అరగంట కూర్చుని జవాబు కొట్టారు. "నమస్కారమండి. రేటుదేముందండి. ముందు తమరిది ఏ ఊరు, ఎవరి తాలూకు? ఒకసారి మా ఇంటికి దయచేసి, భోంచేసి, కాయ చూసుకోండి. తరవాత మీరెంతంటే అంత." అటు నుంచి మళ్లీ ఉలుకూ పలుకూ లేదు. ఇలాగే మరో పదమూడు మంది. ప్రతివాళ్లూ వస్తారనే నమ్మకంతో ఆయన రెండు ఆదివారాలు పనసపొట్టు కూర చేయించారు.

వచ్చింది మాత్రం వేరేవాళ్లు. మొదట పక్క వీధి నుంచి ఒకాయన. "మీకు ఇంటర్నెట్టులో బేరాలు తెగ వచ్చేత్తన్నాయంట కదండి. మా అటక మీద మూడువేల కాయుంది. మీ దాంట్లో కలిపి అమ్మిపెట్టండి."

"ఆయ్, అలాగేనండి. తీసుకురండి."

ఆ మాట అక్కడితో ఆగలేదు. ప్రకటన కనబడే ఊళ్లన్నీ కొబ్బరి ఊళ్లే. చూసిన ప్రతివాడికీ అటక మీద కాయ ఉంది, అమ్మిపెట్టే మనిషే కావాలి. ఉగాది వెళ్లేసరికి పదకొండు ఇళ్ల కాయలు ఆ ఇంటికి చేరాయి. పదకొండోది అమ్మాజీగారిది, చనిపోయిన అన్నగారి భార్య. ఆవిడ అడగను కూడా అడగలేదు. ఏడాది పంటనంతా ట్రాక్టరు మీద వేయించి, "నువ్వున్నావు కదా ధర్మరాజూ" అని ఒక్క మాట కబురు పెట్టింది. ఆవిడకు ఆ కాయ తప్ప ఇంకో ఆధారం లేదు.

ఆర్డరు వచ్చిన రోజే పంపాలన్న పాఠం గుర్తుంది కదా. ధర్మరాజుగారు ఆర్డరు రాకముందే మనుషుల్ని పెట్టి, తన కాయతో సహా అన్ని కాయలూ ఒలిపించి, చిప్ప కొట్టించి, గుండ్లు బస్తాలకెత్తించారు. అక్కడే కాళ్లకు బంధం పడింది. చిప్పలో ఉన్నన్నాళ్లూ కురిడీకి దిగులు లేదు. చిప్ప పోయాక తొలకరి గాలి తగిలిందంటే బూజు పట్టేస్తుంది. జ్యేష్ఠం చివరికల్లా అమ్మాలి, లేదంటే పదకొండు ఇళ్ల పంటా పోయినట్టే.

బస్తాలు వీధి అరుగు నింపి, వీధిగది నింపి, సావిట్లోకి వచ్చాయి. ప్రశంసాపత్రం వాటి వెనక కనబడకుండా పోయింది. పెరటి గుమ్మం మూసుకుపోయింది. నూతి దగ్గరికి వెళ్లాలంటే ఇల్లు చుట్టూ తిరిగి కాలవగట్టు మీంచి పోవాలి.

"ఏవండీ, రేపు వంటింట్లోకి వెళ్లడానికి ఎవరి కాయ మీంచి దాటమంటారో ఇప్పుడే చెప్పండి. తరవాత వాళ్లకి కోపాలొస్తాయి" అంది రాజ్యంగారు.

"బేరాలు మాటల్లో ఉన్నాయి."

"ఎవరితోనండి? మీతో మీరే మాట్లాడుకుంటన్నారు."

ఆయన ప్రకటనకు ఇంకో నెల గడువు పెంచారు, మళ్లీ ఆ నాలుగు ఊళ్లకే. చూసేవాళ్లు ఎక్కువైతే కొనేవాళ్లూ ఎక్కువవుతారని లెక్క. ఎక్కువైంది అమ్మిపెట్టమనేవాళ్లే. టీ కొట్టు దగ్గర కూర్చుంటే "ఎంతవరకొచ్చింది బాబాయ్?" అన్న ప్రశ్న. చెరువు వైపు వెళ్తే అదే. సొసైటీ మెట్ల మీదా అదే. ఆయన టీ మానేశారు. తరవాత వీధే మానేశారు. పొద్దంతా బస్తాల మధ్య వేసుకున్న మంచం మీద కూర్చుని, ఫోను మోగితే ఉలిక్కిపడేవారు. అది మోగడం ఆగేది కాదు. ఎత్తితే అటువైపు ఎవరో ఒకరు కాయలు తెస్తామంటారు. ఎత్తకపోతే మర్యాద కాదు.

ఒకరోజు తెల్లవారుజామున దక్షిణపు గాలి మారి తేమ తగిలింది. ఆయన లేచి ఒక బస్తా మూతి విప్పి చెయ్యి పెట్టారు. గుండు మీద వేలికి మెత్తగా తగిలింది. వెలుతురులోకి తెచ్చి చూస్తే పచ్చటి బూజు. అది అమ్మాజీగారి బస్తా.

ఆ పొద్దున ధర్మరాజుగారు వంతెన దాటి అబ్రహాము మాస్టారి ఇంటికి వెళ్లారు. మాస్టారు ఏమీ అడగకుండా కుర్చీ తెచ్చి వేసి, లోపలికి వెళ్లి కాఫీ పట్టుకొచ్చారు. జాస్మిన్ ఫోను తీసుకుని చాలాసేపు చూసింది.

"ప్రకటన సరిగ్గానే పనిచేసిందండి. మీరెవరికి చూపించమన్నారో వాళ్లకే చూపించింది."

"ఇప్పుడు మారిస్తేనో అమ్మా?"

"మార్చొచ్చండి. ధర రాసి, కాయని పెద్దగా పెట్టి, కొనే ఊళ్లకి చూపిద్దాం. అడిగినవాళ్లకి అడిగిందానికే జవాబు చెప్పాలండి. కానీ కొత్తవాళ్లకి మన మీద నమ్మకం కుదరాలంటే మూణ్ణాలుగు నెలలు పడుతుందండి."

"తొలకరికి పది రోజులు కూడా లేదు."

ఆ పిల్ల ప్రకటన ఆపేసింది. "మీ ముఖం చూడగానే కొనేవాళ్లు ఎవరూ లేరాండి?" అనడిగింది.

ఆయన ఖాళీ గ్లాసు కింద పెట్టారు. "ఉన్నాడొకడు" అన్నారు.

అంబాజీపేటలో బాబూరావు ఆయన కాయను ముప్పై నాలుగేళ్లూ కొన్న వర్తకుడు. ధర్మరాజుగారిని చూసి లేచి నిలబడ్డాడు.

"దయచేయండి, దయచేయండి. దోపిడీ కొట్టు వెతుక్కుంటూ వచ్చేరు." ఫోను తీసి ప్రకటన చూపించాడు. "ఇందులో నా పేరు రాయలేదనుకోండి. కానీ మీ కాయ కొన్నోణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే కదండి."

"తప్పేనండి" అన్నారు ధర్మరాజుగారు.

అంత తేలిగ్గా ఒప్పుకుంటారని బాబూరావు అనుకోలేదు. ఫోను జేబులో పెట్టుకుని, "చిప్ప తీసేసిన సరుకు ఈ వేళప్పుడు ఎవరు కొంటారండి. నా లారీ ఒకటి శుక్రవారం వెళ్తుంది, అందులో సగం ఖాళీ. మీ కాయైతే కళ్లు మూసుకుని ఎత్తించుకుంటాను" అన్నాడు.

"నావి కాదండి. పదకొండు ఇళ్లవి ఉన్నాయి. సగం లారీకి అవే సరిపోతాయి."

"ఎవరెవరి కాయో నాకేం తెలుసండి. పురుగుంటే?"

"ఒక్కో గుండూ నేను చూసి పెడతాను. చెడిందుంటే తీసి దాని బదులు నాది పెడతాను."

"మరి మీ కాయ?"

"మీరు అవి ఎత్తించుకోండి బాబూరావుగారూ."

మూడు రోజులు ఆ ఇంట్లో ధర్మరాజుగారూ రాజ్యంగారూ నేల మీద కూర్చుని గుండ్లు ఏరారు. బూజు పట్టినవి ఒక పక్కకు, వాటి బదులు తమవి. ఏ ఇంటి బస్తా ఆ ఇంటి పేరుతోనే నిండింది. శుక్రవారం లారీ వెళ్లిపోయింది. అరుగు ఖాళీ అయింది. సావిట్లో మాత్రం దారి రాలేదు. ఆయన కాయల్లో మిగిలినవీ, పదకొండు ఇళ్ల చెడ్డ కాయలూ అక్కడే ఉన్నాయి. ఆదివారం వాన మొదలైంది.

అమ్మాజీగారు గొడుగు వేసుకుని వచ్చింది. "అందరివీ అమ్మేసేవుట కదా ధర్మరాజూ. ఆ ఫోనులో ఏం చదువుందో గానీ. వచ్చే ఏటికి మా కాట్రేనికోన చెల్లెల్ని కూడా నీకే పంపమన్నాను."

"ఫోనులో కాదు వదినా. బాబూరావుకి అమ్మేను."

"బాబూరావుకా? అదైతే నేనే ఇచ్చుకునేదాన్ని కదా, రెండు నెలల కిందటే."

"ఆయ్. వచ్చే ఏడు నువ్వే ఇచ్చుకో వదినా. నేను తీసుకోను. మీ చెల్లెలివీ తీసుకోను."

ఆవిడ సావిట్లోని బస్తాల వైపు చూసింది. ఒకదాని మూతి తెరిచి ఉంది, లోపల పచ్చటి బూజు. ఆవిడ గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది.

ఫోను మోగింది. ముమ్మిడివరం నుంచి ఎవరో. జాస్మిన్ ప్రకటన ఆపిందే గానీ, బొమ్మ అప్పటికే చుట్టాల గ్రూపులన్నీ తిరుగుతోంది. దాన్ని ఆపడం ఆ పిల్ల వల్ల కూడా కాలేదు.

"అయ్యా, రెండువేల కాయుందండి, రేపు ట్రాక్టరు పంపమంటారా?"

"తీసుకోవడం లేదండి."

"అదేంటండి. ఇందులో దండం పెడుతూ మీరే ఉన్నారు కదండి."

"నేనేనండి. తప్పు నాదే. తేకండి."

ఆ రోజుకు కాదనడం అది నాలుగోసారి. రాజ్యంగారు వంటింటి పొయ్యి చుట్టూ తమ కాయలు పరిచి, బూజు పట్టకుండా సెగకు ఒక్కొక్కటే తిప్పుతోంది. ఫోను మళ్లీ మోగింది. ఆయన తీశారు.