అక్క అడిగిన ఇప్పపువ్వు లడ్డూ

టైఫాయిడ్ తగ్గి మూడు వారాలైనా మా అక్క నోటికి ఏదీ రుచించడం లేదు. పళ్లెం పెడితే రెండు ముద్దలు కెలికి పక్కకు నెట్టేస్తోంది. రోజురోజుకీ చిక్కిపోతున్న మనిషిని చూస్తే భయం వేసింది. "ఏం తినాలనుందో చెప్పు, ఎక్కడున్నా తెస్తా" అని శనివారం గట్టిగానే అడిగాను. "టేకులపల్లి దిక్కు తిన్న ఇప్పపువ్వు లడ్డూ అయితే తింటనేమో" అంది. అక్క అక్కడి అడవి ఊళ్లలో ఎనిమిదేళ్లు నర్సుగా తిరిగింది. తీపి పేరు చెబితే నేనెటూ ముందుంటాను కాబట్టి ఆదివారం పొద్దున ఆరింటికి ఖమ్మంలో ఇల్లెందు బస్సెక్కాను.

కారేపల్లి దగ్గర కిటికీలోంచి బెల్లం జిలేబీల మూకుడు కనిపించింది. పని మీద వెళ్లేవాడు జిలేబీకి దిగుతాడా అంటే, నేను దిగాను. పాకం ఓడుతున్న నాలుగు చుట్లు, ఇరవై రూపాయలు. తర్వాతి బస్సు కోసం అరగంట నిలబడ్డా బాధ కలగలేదు. ఇల్లెందులో బస్సు మారి, టేకులపల్లి చేరేసరికి తొమ్మిదైంది.

అక్కడ హోటళ్లలో అడిగితే అందరూ తల అడ్డంగా ఊపారు. ఆటో నడిపే ప్రభుదాసే దారి చూపించాడు. "గది దుకాణాలల్ల దొరకది సార్, ఊర్లకు పోవాలె. రానుపోను మూడొందల కిరాయి. పన్నెండింటికి నేను చర్చిల ఉండాలె, జల్దీ రావాలె మరి" అన్నాడు. టేకు చెట్ల మధ్య మట్టిదారిలో ఆరు కిలోమీటర్లు వెళ్లాం.

ఊరి చివర ఇప్పచెట్ల కింద నేలంతా శుభ్రంగా ఊడ్చి ఉంది. రాలిన లేతపసుపు పూలను ఆడవాళ్లు బుట్టల్లోకి ఏరుతున్నారు. ఆ వాసనకు ఆగలేక ఒక పువ్వు తీసి నోట్లో వేసుకోబోయాను. జోగమ్మ అనే ముసలామె చటుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు బిడ్డా! ఇంక పండుగ కాలే. దేవతకు పెట్టంది కొత్తపువ్వు మేం నోట్లె పెట్టుకోం. ఏరుకుంటం, ఎండబెట్టుకుంటం, గంతే."

పండుగ బేస్తవారమట. అప్పటిదాకా కొత్తపువ్వుతో లడ్డూ లేదు. కంగారులో రెట్టింపు డబ్బు ఇస్తానన్నాను. "పైసలిస్తే పండుగ ముందుకొస్తదా?" అని నవ్విందామె. సిగ్గుతో చచ్చిపోయాను. జబ్బుపడిన అక్క కోసమని, ఇక్కడే నర్సుగా పనిచేసిందని అప్పుడు చెప్పాను.

"ఏందీ, సైకిల్ మీద వచ్చే నర్సమ్మనా? ముందుగాల గిట్ల చెప్పొద్దా!"

ఇంట్లోంచి నిరుటి ఎండుపువ్వు కుండ తెచ్చింది. అడుగున మిగిలింది రెండు దోసిళ్లే. దోరగా వేయించి, నువ్వులు, పల్లీలు, బెల్లం వేసి రోట్లో దంచింది. ఐదు లడ్డూలయ్యాయి. ఒకటి నేనూ ప్రభుదాసూ పంచుకున్నాం. ఎండుద్రాక్ష తీపి, వెనకే కొంచెం పొగవాసన. ఖమ్మంలో ఏ మిఠాయి కొట్టూ దీని దరిదాపుల్లోకి రాదు. ప్రభుదాసు టైము చూసుకోవడమే మర్చిపోయాడు.

మూడింటికి ఇల్లు చేరాను. అక్క లడ్డూ చేతిలోకి తీసుకుని వాసన చూసింది గానీ కొరకలేదు.

"పండుగ అయ్యిందారా? కొత్తపువ్వు కాదు గదా?"

"నిరుటిదే అక్కా."

అప్పుడు తింది. ఒకటి అయ్యాక రెండోది కూడా తీసుకుంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

రుచి తెలియని నోటితో కూడా ఆ ఊరి మాట తప్పని మనిషి మా అక్క. ఎనిమిదేళ్లలో తను అక్కడ ఏం చేసిందో నేనెప్పుడూ అడగలేదు. కుండ అడుగున ఉన్నదంతా దంచి పంపిన జోగమ్మకు మాత్రం గుర్తుంది. మీరు ఎండాకాలం మొదట్లో అటు వెళ్తే, పువ్వు ముట్టుకునే ముందు పండుగ అయ్యిందా అని అడగండి. కాకపోతే ఆగండి. బేస్తవారం పొద్దున బస్సు ఎన్నింటికని అక్క ఇప్పటికే రెండుసార్లు అడిగింది.