బోర్డు బాగుచేయించమని రాసిన లేఖ

ఇరవై ఏళ్లుగా తెలుగు చెప్తున్నాను. నేను రాగం తీసి పద్యం పాడితే పక్క తరగతి పిల్లలు కూడా లెక్కలు ఆపి వింటారని నాకు కాస్త పొగరు. మా జహీరాబాద్ బడికి డిజిటల్ బోర్డు వచ్చాక ఆ పొగరు దిగింది. పుస్తకం తెరవకముందే తొమ్మిదో తరగతి పిల్లలు "టీచర్, బోర్డుల పెట్టుండ్రి" అనేవారు. ముక్కూ మొహం తెలియని ఎవరో అందులో పాడేవాడు. నేను దాన్ని వేలితో ఒకసారి తాకి పక్కన నిలబడేదాన్ని. ఒళ్లు మండేది.

ఒక సోమవారం, పిల్లలు ప్రార్థనలో ఉండగా, బోర్డు వెనక వైరు పీకేశాను. చెడిపోయిందని పిల్లలతో చెప్పాను, హెడ్మాస్టరు గారితోనూ అదే అన్నాను. మెకానిక్‌ను పిలిపిస్తానన్నారు. నెల తిరిగితే గానీ పిలిపించరని నాకు తెలుసు. ఆ వారమంతా గొంతెత్తి పాడాను. నా తరగతి మళ్లీ నాకు దక్కిందని సంబరపడ్డాను కూడా.

శుక్రవారం లేఖ రాయడం నేర్పాను. బడిలోని ఒక సమస్య గురించి హెడ్మాస్టరు గారికి రాయమన్నాను. మరుగుదొడ్లలో నీళ్లు లేవని రాస్తారనుకుంటే, సగం మంది బోర్డు గురించే రాశారు. స్టాఫ్ రూములో దిద్దుతూ మొదట నవ్వుకున్నాను. తర్వాత మూడో బెంచీ అమ్మాయి కాగితం చేతికొచ్చింది. ఝరాసంగం వైపు నుంచి ఆటోలో వస్తుంది. క్లాసులో నోరు విప్పదు. చదువు మీద ధ్యాస లేదని ఎప్పుడో వదిలేశాను. తేదీ, స్థలం, అన్నీ నేను చెప్పినట్టే పెట్టి, కింద ఇలా రాసింది:

"మా ఇంట్ల కన్నడ మాట్లాడుతరు. పద్యం నాకు ఒక్కసారికి సమజ్ కాదు. అన్నం తిన్నంక బోర్డుల మల్ల మల్ల వింటుంటి. అది గుస్స చెయ్యదు. టీచర్‌ను మల్ల అడగాలంటే భయం."

తనను ఎప్పుడు కసిరానో గుర్తు తెచ్చుకోబోయాను. ఒక్కసారైతే గుర్తుండేది. "ఎన్నిసార్లు చెప్పాలె నీకు" అనేది నాకు ఊతపదం. సిగ్గుతో తల దించుకుని పూర్తి మార్కులు వేశాను.

శనివారం పొద్దున్నే వెళ్లి వైరు పెట్టాను. బోర్డు వెలగగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. మా టీచరే బాగుచేసిన్రని హెడ్మాస్టరు గారికి చెప్పారు. ఆయన అందరి ముందూ మెచ్చుకున్నారు. నేను నిజం చెప్పలేదు.

మధ్యాహ్నం అన్నాల తర్వాత ఆ తరగతి వైపు వెళ్లాను. ఆ అమ్మాయి ఒక్కతే బోర్డు ముందు నిలబడి, దాంతో పాటు గొంతెత్తి పద్యం పాడుతోంది. ఆ గొంతు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. గుమ్మంలో నన్ను చూసి, గబుక్కున బోర్డు ఆపేసి చేతులు కట్టుకుంది.