తోలు కింద చూసే అత్తగారు

మా అత్తగారికి ఎవరి మాట మీదా నమ్మకం లేదు. పాలు విరిగాయంటే తనే వాసన చూడాలి, చినుకులు పడుతున్నాయంటే తనే బయటికొచ్చి చెయ్యి చాపాలి. ఇల్లరికపు అల్లుణ్ణి కాబట్టి పదేళ్లుగా ఈ తనిఖీలన్నీ భరిస్తున్నాను. ముప్పై ఏళ్లు మాంసం కొట్టు నడిపిన మనిషి. కొట్టు మూసేశాక కూడా అటవీ శాఖవాళ్లు ఆవిడని వదల్లేదు. అడవి అంచున జింక చచ్చిపడితే చాలు, ఫోన్ మోగుతుంది. ఏ జంతువు చంపిందో, ఏది తర్వాత వచ్చి తిందో ఆవిడే తేల్చాలి. ఆవిడ కత్తి సంచిలో వేసుకుంటారు, నేను స్కూటర్ తీస్తాను.

మొన్న పొద్దున్న కాలనీ వెనక ఒక జింక పడి ఉంది. మేం వెళ్లేసరికే రేంజరుగారు లారీ మీద బోనుతో సహా సిద్ధం. చుట్టూ చిరుత అడుగులు, జింక గొంతు మీద నాలుగు కోరల గాట్లు.

"ఇంకా చూసేదేముందమ్మా? చిరుతే. మీరో సంతకం పడేస్తే సాయంత్రానికి బోను పెట్టేస్తాం. కాలనీవాళ్లు నా ప్రాణం తోడేస్తున్నారు," అన్నారాయన.

"పట్టుకుని ఏం చేస్తారు?"

"జూకి పంపిస్తాం. ఇక జీవితాంతం అక్కడే."

"అయితే ఆగండి. కటకటాల్లో ఉండాల్సింది అది, మీరు కాదుగా," అని అత్తగారు కత్తి తీసి జింక పక్కన కూర్చున్నారు.

గొంతు దగ్గర తోలు ఒలిచారు. లోపల నెత్తుటి చార కూడా లేదు.

"ప్రాణంతో ఉండగా కరిస్తే తోలు కింద నెత్తురు కమిలిపోతుంది. చిరుత దీన్ని చచ్చాక పట్టుకుంది. ఎవరిదో ఎంగిలి తిని పోయింది పాపం."

తర్వాత వెనక కాలు. అక్కడ తొడంతా నల్లగా కమిలి ఉంది.

"పరిగెత్తేదాన్ని వెనకనుంచి పీకింది. కుక్క పని ఇది," అంటూ కోరల గుర్తులు చూశారు. పైన రెండు, కింద ఒకటి. నాలుగోది ఉండాల్సిన చోట వేలు పెట్టి అలాగే ఉండిపోయారు.

మా నల్లకుక్క బొగ్గుకి కింద ఎడమ కోర లేదు. పోయినేడు డాక్టరు పీకుతుంటే తల పట్టుకుంది నేను, మూతి పట్టుకుంది ఆవిడ. జింకను చంపిన కుక్కని ఈ చుట్టుపక్కల ఉండనివ్వరు. బొగ్గేమో నా మంచం కింద తప్ప ఎక్కడా పడుకోదు.

రేంజరుగారు అటు తిరిగి ఫోన్లో మాట్లాడుతున్నారు.

"అత్తయ్యా, ఏదో ఒక కుక్క అనేయండి. చిరుతా బతికిపోతుంది, మనదీ బతికిపోతుంది," అని గొణిగాను.

"ఏదో ఒకటంటే వీధి కుక్కలన్నిటినీ పట్టుకుపోతారు బాబూ," అని లేచి, ఆయన వినేలా గొంతు పెంచారు. "రాసుకోండి. మా కుక్కే."

రేంజరుగారు ఫోన్ జేబులో పెట్టి కలం తీశారు.

మధ్యాహ్నం మా ఇంటికి జీపు వచ్చింది. ఎక్కడో దూరంగా ఉన్న కుక్కల ఆశ్రమానికట. బొగ్గు షికారనుకుని తోక ఊపుకుంటూ ఎక్కింది. నేను పెరట్లోకి వెళ్లి వెక్కివెక్కి ఏడ్చాను. సత్యం చెప్పే మనుషులతో ఒకే ఇంట్లో కాపురం చేయడం నా వల్ల కాదని ఆవిడ ముఖం మీదే చెప్పేద్దామని లోపలికొచ్చాను.

బల్ల మీద రిపోర్టు నకలు ఉంది. 'కుక్కను బయటికి వదిలినవారు' అన్న చోట అత్తగారి గుండ్రటి అక్షరాలతో ఆవిడ పేరే.

ముందురోజు పొద్దున్న పాలకెళ్తూ గేటు తీసి వదిలేసింది నేను. "గేటు వేయండి బాబూ," అని ఆవిడ కిటికీలోంచి అరిచారు కూడా. విననట్టు వెళ్లిపోయాను.