భీమేష్ ఆపిన అక్షింతలు

ఎల్లారెడ్డిలో పెళ్లిళ్లకు లైవ్ పెట్టే భీమేష్, పుట్టగానే లేచి మంత్రసానిని బస్టాండు దాకా దిగబెట్టి వచ్చాడని నేను చెబుతుంటాను. నమ్మడం మీ ఇష్టం. అతను ఒకచోట నిలబడగా చూసినవాళ్లు మాత్రం లేరు. అన్నం కూడా నడుస్తూనే తింటాడు.

నా తమ్ముడి కొడుకు బాలమల్లు మస్కట్‌లో ఉంటాడు. కూతురు త్రివేణి పెళ్లికి అతనికి సెలవు దొరకలేదు. తెర దించగానే బిడ్డ ముఖం ఒక్కసారి సరిగ్గా కనిపిస్తే చాలని భీమేష్‌ను బతిమాలాడు. అప్పటినుంచి భీమేష్‌కు నిద్ర లేదు. అంతకుముందు పెద్దకొడప్‌గల్‌లో ఓ పెళ్లికి సరిగ్గా ఆ ఘడియలోనే బొమ్మంతా గళ్లుగళ్లుగా విరిగింది. పెళ్లికూతురి అన్న దుబాయ్ నుంచి ఫోన్ చేసి, "మా చెల్లె మొకం పచ్చీసు పటం లెక్క కనవడ్డది" అన్నాడట.

కారణం అక్షింతలు. కదలని గోడను ఫోన్ మళ్లీ మళ్లీ పంపదు, కదిలినదాన్నే పంపుతుంది. వందల గుప్పిళ్ల బియ్యం ఒక్కసారి గాల్లోకి లేస్తే సన్నని సిగ్నల్ ఆ గింజలన్నిటినీ మోయలేదు.

పెళ్లి కామారెడ్డిలో, రేకుల కప్పున్న ఫంక్షన్ హాల్లో. భీమేష్ ముందురోజే వచ్చి ఫోన్ పట్టుకుని మూలమూలా తిరిగాడు. సిగ్నల్ మెట్ల కిటికీ దగ్గరే దొరికింది. ఫోన్ అక్కడ కట్టి కెమెరా దాకా వైరు లాగాడు. మిణుకుమిణుకుమనే లైట్లు తీయించి, వెనక నున్నటి గుడ్డ కట్టించాడు. వీడియో సైజు తగ్గించాడు. చుట్టాలను ఫోన్లలో నెట్ ఆపమని మొక్కాడు. ఇక మిగిలింది బియ్యం. వేయొద్దంటే ఆడవాళ్లు ఊరుకోరు. కానీ అందరూ వేసేది మేళం గట్టిగా మోగినప్పుడే. అందుకని డోలు వాయించే సిద్ధిరాములు దగ్గరికి పరుగెత్తాడు.

"కాకా, తెర దించంగనే కొట్టకు. బాలమల్లన్న చూసినంక నేను చెయ్యి లేపుత, అప్పుడు కొట్టు."

"పంతులు చెయ్యి చూసి కొట్టెటోన్ని. నీ చెయ్యి చూడాల్నా?" అన్నాడు సిద్ధిరాములు. డోలు తాళ్లు బిగించుకోసాగాడు.

జీలకర్ర బెల్లం తలల మీద పెట్టారు, తెర దించారు. పంతులు చెయ్యి ఊపాడు. సిద్ధిరాములు పుల్ల ఎత్తి, భీమేష్ వైపు చూసి, అలాగే పట్టుకున్నాడు. హాలంతా గుప్పిళ్లు లేచి గాల్లో ఆగాయి. మేళగాడు నిద్రపోయాడా అని ఎవరో గొణిగారు. పంతులు కళ్లెర్రజేశాడు. భీమేష్ బాలమల్లు లైన్లో ఉన్న ఇంకో ఫోన్‌ను చెవికి ఆనించుకుని కాళ్లు మార్చి మార్చి తొక్కుతున్నాడు. లైవ్ మస్కట్ చేరడానికి కొంత ఆలస్యం ఉంటుంది. అది అతనికి తప్ప ఎవరికీ తెలియదు. నా గుప్పిట్లో బియ్యం చెమటకు తడిసింది.

భీమేష్ కాళ్లు ఆగిపోయాయి. ఫోన్ స్పీకర్ పెట్టాడు.

"కండ్లకు కాటుక ఎక్కువ పెట్టిండ్రు నా బిడ్డకు," అన్నాడు బాలమల్లు. "ఇగ వెయ్యిండ్రి."

త్రివేణి తల ఎత్తి ఫోన్ వైపు చూసి నవ్వింది. భీమేష్ చెయ్యి లేపాడు. డోలు మోగింది, బియ్యం కురిసింది, మస్కట్‌లో బొమ్మ గళ్లుగళ్లుగా విరిగింది.

ఒంటినిండా అక్షింతలతో భీమేష్ కదలకుండా నిలబడ్డాడు. నేను చెప్పినవాటిలో ఇదొక్కటీ ఎవరూ నమ్మరు.