కారం పూసిన చేతులు

నందిగామలో మా ఐసీయూ రోగులకు ఇన్ఫెక్షన్లు ఎలా అంటుకుంటున్నాయో పరిశోధించడం నా పని. అందులో పరిశోధించడానికేమీ లేదు, మా చేతులే అంటిస్తున్నాయి. చేతులు కడుక్కోండంటూ స్లైడ్లు చూపిస్తే, అందరూ శ్రద్ధగా చూసి, సమోసాలు తిని, ఆ చేతులతోనే రౌండ్స్‌కి వెళ్లేవారు.

ఒకరోజు బయట బెంచీ మీద కూర్చుని, లోపలున్న తన భర్త కోసం ఎదురుచూస్తున్న జగ్గయ్యపేట పెద్దావిడ చేతులు కడుక్కోలేదని నర్సు మీద నేను అరవడం విని నవ్వింది.

"మిరపకాయలు కోసొచ్చి చెయ్యి కడక్కుండా మేం పిల్లల్ని ముట్టుకోం డాక్టరమ్మా. మీ క్రిములు మండవుగా, అందుకే మీవాళ్లకి లెక్కలేదు. కాస్త కారం పూసి చూడండి, తెలుస్తది."

ఇంత సూటి మాట నేను ఏ జర్నల్లోనూ చదవలేదు. తర్వాతి క్లాసులో స్లైడ్లు మానేసి, బొమ్మ రోగిని పడుకోబెట్టిన మంచం కమ్మీలకు అందరి ముందే కారం నీళ్లు పూశాను. కమ్మీ ముట్టుకున్న ప్రతివాళ్లూ మోచేతుల దాకా తోముకున్నారు. పెద్ద డాక్టరైతే రెండుసార్లు!

విజయగర్వంతో నేను కళ్లజోడు తీసి కళ్లు నలుపుకున్నాను.

కళ్లు మండి గంతులేస్తున్న నన్ను, ఎప్పుడూ నా తిట్లు తినే నర్సే కుళాయి దగ్గరికి లాక్కెళ్లింది.

"ముందు చేతులు కడుక్కోండి మేడమ్," అంది.